ఇంగువ మీద పడ్డ నింద

ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో మా పక్కింటి ముసలావిడకు నా పోపు గిట్టేది కాదు. ఘాటు వాసన గోడ దాటి వస్తోందని కౌన్సిల్‌కి ఫోన్ చేసేది. డాక్టరైన మావారు గొడవలెందుకని నాచేత ఇంగువ మాన్పించారు. ఆసుపత్రి కూడులాంటి పప్పు తిన్నాం. అయినా ఫిర్యాదులు ఆగలేదు.

ఆవిడకు అవతలి ఇంట్లో ఉండే కుర్రాడు కర్టెన్లు తీసేవాడు కాదు. వీధంతా మంచు పేరుకున్నా అతని ఇంటికప్పు మీద మాత్రం నిలిచేది కాదు. “ఎంత వెచ్చటి ఇల్లో” అని మావారు కుళ్ళుకునేవారు.

ఒక ఉదయం పోలీసులు అతని తలుపు బద్దలుకొట్టి, సంచులకొద్దీ గంజాయి మొక్కలు మోసుకెళ్ళారు. పడగ్గదుల్లో పెద్ద పెద్ద లైట్లు పెట్టి పెంచాడట. అదే దేశంలో నా కరివేపాకు మొక్క ఆరేళ్ళకు ఆరు రెమ్మలు వేయలేదు.

“ఇండికా రకం అయ్యుంటుంది. విరగ్గాస్తుంది. ఒళ్ళు బరువెక్కి నిద్ర ముంచుకొస్తుంది, ఆకలి దంచేస్తుంది” అని మావారు పాఠం చెప్పారు. ఇంత తెలిసిన ముక్కు ఇన్నాళ్ళూ ఏం చేసిందో చెప్పలేదు.

వారం తర్వాత ముసలావిడ మా తలుపు తట్టింది. క్షమాపణ చెబుతుందనుకుని టీ పెట్టబోయాను.

“నువ్వు వంట మానేశావా, డియర్? తిట్టుకున్నాను గానీ, ఆ వాసన ఉన్నప్పుడు హాయిగా నిద్రపట్టేది. బిస్కెట్ ప్యాకెట్ మొత్తం తినేసేదాన్ని. మళ్ళీ వండవూ?” అంది.

ఆ సాయంత్రమే కసికొద్దీ ఇంగువ పోపు వేసి, కిటికీలు బార్లా తెరిచాను. మర్నాడు ఆవిడ మళ్ళీ కౌన్సిల్‌కి ఫోన్ చేసింది, నేను మసాలా మార్చేశానని.