బోణీకి ముందు ధర

ధరలు అడిగి రాసుకోవడం నా ఉద్యోగం. నెలనెలా అవే కొట్లు, అవే సరుకులు. బతుకు ఎంత ఖరీదెక్కిందో పైవాళ్ళు లెక్క కట్టేది ఆ కాగితాల నుంచే. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గానీ, మా పనిలో అడిగేవాళ్ళమే లోకువ. ఏమీ కొనం కదా.

మంగళగిరి నేత చీర ధర కోసం గవర్నర్‌పేటలో ఒక కొట్టు నాకు అప్పగించారు. మొదటి నెల, తలుపులు తీయగానే వెళ్ళి అడిగాను. కొట్టు యజమాని పెద్దాయన. మొహం ముడుచుకున్నారు.

"బోణీ కాకుండా రేటడిగి వెళ్ళిపోతే ఎలాగమ్మా?"

తిక్క నాకూ తక్కువేం కాదు. మరుసటి నెల వెళ్ళీ వెళ్ళగానే ఒక తువ్వాలు కొని, "బోణీ అయింది కదండీ, ఇప్పుడు చెప్పండి" అన్నాను. ఆయన నవ్వి చీర ధర చెప్పారు. గెలిచానని మురిసిపోయాను.

ఆఫీసులో మా పై అధికారి కాగితం చూసి, "అందరి దగ్గరా పెరిగిన చీర మీ కొట్లో తగ్గిందేంటండీ?" అన్నారు. మళ్ళీ కొట్టుకి పరిగెత్తాను.

"మీ చేత్తో బోణీ చేశారని మీకు తగ్గించి చెప్పానమ్మా. అందరికీ ఆ రేటుకిస్తానా?" అన్నారు పెద్దాయన, తప్పంతా నాదే అన్నట్టు.

కొంటే తప్పు ధర, కొనకపోతే కోపం. ఆయన ఇక రావద్దంటే, చేరీచేరగానే కొట్టు పోగొట్టుకున్నదాన్నని పేరొస్తుంది. అందుకని ఆ నెల నుంచి, ఎవరో ఒకరు బోణీ చేసేదాకా స్టూలు మీద కూర్చోవడం మొదలుపెట్టాను. ఆయన టీ తెప్పించేవారు. మంగళగిరిలో వాళ్ళ ఇంటి మగ్గాల గురించి చెప్పేవారు. నిజం చెప్పాలంటే, నెల మొత్తంలో నాకు హాయిగా గడిచేది ఆ కాసేపే.

మొన్న వానల్లో ఒకరోజు మధ్యాహ్నమైనా ఎవరూ రాలేదు. ఇంకా పప్పుల కొట్టుకి వెళ్ళాలి. "రేపొస్తానండీ" అని లేచాను. ఆయన చీర తీసి నా ముందు పరిచి ధర చెప్పారు.

"ఇంకా బోణీ కాలేదు కదండీ?"

"రాసుకోండమ్మా. అందరికీ చెప్పే రేటే. కొనేవాళ్ళు వస్తారో రారో గానీ, మీరు మాత్రం తప్పకుండా వస్తారు."

రాసుకున్నాను. మనసు నిండిపోయింది. నా పని అయిపోయింది, వెళ్ళొచ్చు. కానీ స్టూలు మళ్ళీ దగ్గరికి లాక్కున్నాను. పప్పుల కొట్టు రేపు చూసుకోవచ్చులే అనుకుని, ఎవరైనా వచ్చి ఒక్క చీరైనా కొనేదాకా ఆయనతోపాటు అక్కడే కూర్చున్నాను.