మారెక్క మణికట్ల మీద వాతలు

కంబదూరు దగ్గరి పల్లెలో గొర్రెలు మేపుకునే మారెక్కకు మరిది చిన్నప్పను చూస్తేనే రోత. ముక్కు చీదిన చేత్తోనే కొడవలి పట్టి గొర్రెకు వాత పెడతాడు, ఆ కొడవలితోనే మనుషులకూ పెడతాడు. గొర్రె కాలు వాచినా, బిడ్డకు కామెర్లొచ్చినా అతగాడికి తెలిసిన వైద్యం ఒకటే, కొడవలి మొన ఎర్రగా కాల్చి చర్మానికి ఆనించడం. ఏం వైద్యమో అది! ఊరు మాత్రం అతణ్ణి నెత్తిన పెట్టుకుంటుంది.

ఆమెకు పిత్తాశయంలో రాళ్లు పడ్డాయి. ఆపరేషన్ తప్పదన్నారు. అయితే ఏళ్ల తరబడి చెనక్కాయలు వలిచే మిషన్ దగ్గర దుమ్ము మింగి ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి. మత్తు ఎక్కువిస్తే మళ్లీ కళ్లు తెరుస్తానో లేదోనని ఆమె భయం. అనంతపురంలో మత్తు డాక్టరు ప్రశాంతి ఆమె మణికట్ల లోపలివైపు, మోకాళ్ల కింద చిన్న బిళ్లలు అతికించి చూపించింది.

"ఆపరేషన్ జరిగేటప్పుడు వీటిలోంచి సన్నగా కరెంటు పంపుతామమ్మా. చీమలు పాకినట్టు ఉంటుంది, అంతే. మత్తు ఇస్తాం గానీ కొంచెం తక్కువ సరిపోవచ్చు. నీ ఊపిరికి అదే మంచిది."

మారెక్క ప్రాణం కుదుటపడింది. కానీ ఇంటికి రాగానే ఆమె మొగుడు ఓబన్న ఈ సంగతి తమ్ముడి చెవిన వేశాడు. చిన్నప్ప తొడ చరిచాడు.

"అదేం కొత్తన్నా? మనం వాత పెట్టే చోట్లే గదా అవి! వాళ్లు కరెంటుతో చేసేది మనం నిప్పుతో చేస్తాండాం. ముందే వాత ఏసి పంపితే మత్తే అక్కర్లేదు."

ఓబన్నకు ఆ మాట తలకెక్కింది. "వద్దప్పా, నా చేతులు ముట్టొద్దండి!" అని మారెక్క అరుస్తున్నా, నీ మంచికేనంటూ ఆమెను అదిమి పట్టుకున్నాడు. చిన్నప్ప కొడవలిని పంచెకు తుడిచి, కాల్చి, రెండు మణికట్లకూ ఆనించాడు. చర్మం చుయ్యిమంది. పొక్కిన చోట తుపుక్కున ఉమ్మి, గొర్రె పెంటికల బూడిద అద్దాడు. కాలిన తన తోలు వాసన మారెక్క ముక్కుకే తగిలింది. కట్టుకున్నవాడంటే కూడా ఆమెకు ఆ రోజే అసహ్యం పుట్టింది.

ఆపరేషన్ రోజుకు మణికట్లు చీము పట్టాయి. డాక్టరు చూసి తల కొట్టుకుంది.

"ఈ పుండ్ల మీద బిళ్లలు ఎలా అతికించేది? ఒంట్లో చీముంటే ఆపరేషనే కుదరదు. మానాక రండి."

పుండ్లు మానేదాకా మారెక్క కడుపునొప్పితో మెలికలు తిరిగింది. మొగుడు పోసిన నీళ్లు కూడా ముట్టలేదు.

మళ్లీ వెళ్లినప్పుడు మణికట్ల మచ్చల్ని వదిలేసి, మోకాళ్ల కింద, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ బిళ్లలు అతికించారు. మారెక్క కళ్లు మూసింది. తెరిచింది కూడా! మత్తు తక్కువే పట్టిందనీ, ఊపిరి బాగుందనీ డాక్టరు చెప్పింది. వార్డులో నర్సు, "వాంతి కూడా రాలేదే, మంచిది" అని వెళ్లిపోయింది.

బతికి బయటపడ్డానని మారెక్క సంతోషించేలోపే ఆ గొంతు వినిపించింది. చిన్నప్ప రెండు మంచాల నడుమ, పక్క మంచం మీది ముసలమ్మ చేయి పట్టుకుని కూర్చున్నాడు.

"మా వదినకు మత్తు ఎందుకు తక్కువ పట్టిందనుకుంటాండావవ్వా? కరెంటు గిరెంటు కాదు, నేనేసిన వాత. కావాలంటే మా అన్ననడుగు."

"అవునవ్వా, నేనే పట్టుకుంటి" అన్నాడు ఓబన్న గర్వంగా.

ముసలమ్మ రెండో చేయి కూడా చాచింది. "రేపు నాకూ ఆపరేషనే నాయనా. నాకూ ఏసిపో."

మారెక్క లేవబోయింది. కుట్లు లాగాయి. మత్తుకు రాని వాంతి అప్పుడొచ్చింది. చిన్నప్ప ఒళ్లంతా పడింది. అతగాడు ఛీ ఛీ అంటూ వెనక్కి గెంతాడు. మారెక్క ముసలమ్మ చేయి లాక్కుని, ఆ మణికట్టును రెండు చేతులా మూసి పట్టుకుంది. నర్సు వచ్చేదాకా వదల్లేదు.