గోలీ అన్న మీద పడిన మాట

మా పాత ఫుట్‌బాల్ అభిమానులకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. ఒకప్పుడు లాలాగూడ మైదానం గోడ మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నవాళ్ళమే, ఇప్పుడు ఎవరి ఇంట్లో వాళ్ళం కళ్ళజోళ్ళు సవరించుకుంటూ అదే పాత ఊపుతో వాదించుకుంటూ ఉంటాం. పోయిన నెల ఆ వాదన ఒక విదేశీ స్ట్రైకర్ మీదకు మళ్ళింది. ఎన్నో ఆటలుగా అతను గోలు కొట్టలేదు. కాళ్ళలో పస తగ్గిందా, లేక మనసు అప్పుడే కొత్త క్లబ్బుకు వెళ్ళిపోయిందా, ఈసారి మారతాడా మారడా అని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మాటలు సాగాయి. చివరకు ఒకాయన ఇలా రాశాడు: "స్ట్రైకర్‌ను ఎదుటి టీమోడు ఖతం చెయ్యడు, సొంత టీమోడే చేస్తడు. మన వర్క్‌షాపు స్ట్రైకర్‌ను మన గోలీ చెయ్యలేదా? గాడు కుళ్ళుకోకపోతే మనోడు కలకత్తాల ఆడుతుండె." దాని కింద పదిమంది బొటనవేళ్ళు ఎత్తారు. కాసేపటికి ఎవరో ఒకరు గ్రూపు విడిచి వెళ్ళినట్టు ఒక చిన్న లైను కనిపించింది. పేరు చూశాను. గోలీ అన్న కొడుకు.

గోలీ అంటే మా వైపు గోల్‌కీపరు. ఆ వర్క్‌షాపు స్ట్రైకర్ మా బావ, మా అక్క పెనిమిటి. బావకు కలకత్తా పోయే అవకాశం చెడగొట్టింది గోలీ అన్న కాదు. నేను. ముప్పై ఏళ్ళకు పైగా ఒక మంచి మనిషి నా మాటను తన మాటగా మోస్తూ ఉంటే, నేను ఉద్యోగం చేసుకుని, పెళ్ళి చేసుకుని, ఆదివారం ఆదివారం చర్చిలో ముందు బెంచీ మీద కూర్చుని పాటలు పాడుకున్నాను. ఆ గోడ మీద నాతో కూర్చున్నవాళ్ళు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు కాబట్టి, వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

అప్పటి సంగతి మీకు వేరే చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం రెండింటికి రైల్వే వర్క్‌షాపులో ఆటగాళ్ళను పని నుంచి వదిలేవాళ్ళు. చేతుల గ్రీజు పూర్తిగా పోకముందే బావ బూట్ల తాళ్ళు కట్టుకునేవాడు. బావ మా ఇంటి అల్లుడైన రోజు నుంచి నా బతుకు మారిపోయింది. అంతవరకు నేను ఎవరికీ పట్టని పంతొమ్మిదేళ్ళవాణ్ణి, డిగ్రీ ఒకసారి తప్పినవాణ్ణి. ఆ తరువాత మూల మీది ఇరానీ హోటల్లో పంకా కింది కుర్చీ నాది, చాయ్‌తో పాటు అడగకుండానే రెండు ఉస్మానియా బిస్కెట్లు నావి, నా పేరు కూడా పోయి "బామ్మర్ది" అనే బిరుదు ఒకటి వచ్చింది. ఎవరు బంతి గురించి మాట్లాడినా చివరకు నా వైపు తిరిగి అవునా కాదా అని అడిగేవాళ్ళు. నేను బంతిని సరిగా తన్నలేనివాణ్ణి, అయినా నా తీర్పు కోసం పెద్దవాళ్ళు ఆగేవాళ్ళు. ఆ రుచి ఎలాంటిదో అప్పుడు నాకు తెలియలేదు.

గోలీ అన్న, బావ బడి నుంచి జంట. గోలీ అన్నకు ఒక విద్య ఉండేది. బంతి చేతికి చిక్కగానే అందరిలాగా కాలితో తన్నేవాడు కాదు. నాలుగడుగులు ముందుకు వచ్చి, చేతిని భుజం మీదుగా తిప్పి మైదానం సగం దాటేలా విసిరేవాడు. ఆ బంతి ఎక్కడ పడుతుందో బావకు ముందే తెలుసు. వెనక్కి తిరిగి చూడకుండానే కుడి పక్క గీత వెంట పరుగు మొదలుపెట్టేవాడు, బంతి వచ్చి అతని ముందు పడేది. ఆ విసురుకు గోడ మీద మేమంతా లేచి నిలబడేవాళ్ళం. ఆదివారాలు గోలీ అన్న మా ఇంట్లోనే తినేవాడు. అక్క వండిన మాంసం కూరలో మూలుగ బొక్క నాకు పెట్టి, అరేయ్ బుడ్డోడా, ఇది తింటేనన్నా నీ కాళ్ళకు బలమొస్తదేమో అని నవ్వేవాడు. అక్క కడుపుతో ఉందని తెలిసినప్పుడు, బాప్తిస్మం రోజు బిడ్డను ఎత్తుకునేది తనేనని అందరికంటే ముందు చెప్పి పెట్టుకున్నాడు.

ఆ ఎండాకాలం మైదానం సిమెంటులాగా గట్టిపడి ఉన్నప్పుడు బావ ప్రాక్టీసులో పడ్డాడు. కుడి మోకాలు వాచింది. సరిగ్గా అప్పుడే కలకత్తాలోని ఒక పెద్ద క్లబ్బు మనిషి ఆటగాళ్ళను చూడటానికి వస్తున్నాడని కబురు వచ్చింది. బావ మోకాలి సంగతి దాచాడు. అది తప్పే కావచ్చు, కానీ ఆ రోజుల్లో ఆటగాడికి కాలు తప్ప ఇంకో ఆస్తి ఉండేది కాదు. అక్క రోజూ సాయంత్రం ఇసుక వేయించి గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టేది. గోలీ అన్న తెల్లవారుజామునే స్కూటరు మీద నేరేడ్‌మెట్ తీసుకెళ్ళి, అక్కడొక ముసలాయన చేత కట్టు కట్టించి పని వేళకు తీసుకొచ్చేవాడు. ఈ సంగతి తెలిసినవాళ్ళం నలుగురమే: బావ, అక్క, గోలీ అన్న, నేను.

బావ గోల్స్ ఆగిపోయాయి. హోటల్లో చర్చలు మొదలయ్యాయి. ఒకాయన వయసన్నాడు, ఒకాయన పెళ్ళన్నాడు, ఎక్కువమంది కలకత్తా అన్నారు. నేను పళ్ళు బిగబట్టుకుని కూర్చునేవాణ్ణి. ఒక మధ్యాహ్నం, హోటలు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు, మా వీధి ఫిట్టర్ మామ నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఆయన నాలుకకు అందరూ జడిసేవాళ్ళు.

"ఏం బామ్మర్దీ, మీ బావ కాళ్ళు బ్యాంకుల ఏసిండా? ఈడ ఖర్చు పెడ్తలేడు."

"గట్ల మాట్లాడకు మామా."

"మరెట్ల మాట్లాడాలె? పోయిన మ్యాచ్‌ల ముంగట ఎవ్వడు లేడు. కుడికాలు జెర తాకిస్తే గోల్. ఎడమకాలికి మార్చుకునేసరికి బంతి వాళ్ళ గోలీ చేతులల్ల వడ్డది. కలకత్తా బాబు అయిండు ఇగ, మన మట్టి అంటొద్దు ఆయనకు. అమ్ముడు వోయిండురా మీ బావ, అమ్ముడు వోయిండు."

వాదన వేడెక్కితే మా దగ్గర తెలుగు పక్కకు జరిగి ఉర్దూ ముందుకు వస్తుందని మీకు తెలుసు. నేను లేచి నిలబడి, బల్ల మీద చెయ్యి కొట్టి, ఉర్దూలోనే అరిచాను: మా బావ అమ్ముడుపోయే మనిషి కాదు, అతని కుడి మోకాలు ఖరాబైంది, పూర్తిగా మడత కూడా పడటం లేదు, అయినా మీ కోసం ఆడుతున్నాడు అని. ఫిట్టర్ మామ చాయ్ కప్పు కింద పెట్టాడు. ఆయన నోట మాట రాకపోవడం నేను చూసింది అదొక్కసారే. నేను గెలిచాను. ఆ క్షణం నా ఛాతీ ఎంత పొంగిందో ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఇంత సిగ్గు. అప్పుడే వెనక బల్ల దగ్గర ఒక తెల్ల చొక్కా పెద్దమనిషి బన్ను ముక్క చాయ్‌లో ముంచబోయి ఆగి, నా వైపు ఒకసారి చూసి, డబ్బులు పెట్టి వెళ్ళిపోయాడు. మా పేటవాడు కాదు. ఎవరో బాటసారి అనుకున్నాను.

మర్నాడు ఆటలో గోలీ అన్న విసిరిన బంతిని బావ ఎడమకాలితోనే గోల్లోకి కొట్టాడు. ఆ సీజనులో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. ఆట అయ్యాక డేరాలోకి కలకత్తా మనిషి వచ్చాడు. అదే తెల్ల చొక్కా. నేను బావ సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన బావ చెయ్యి పట్టుకుని ఆట మెచ్చుకున్నాడు, మెచ్చుకుని, ఏమీ అనుకోవద్దు, ఒక్కసారి గొంతుకూర్చుని చూపించమన్నాడు. జట్టంతా చూస్తుండగా బావ కూర్చోబోయాడు. సగంలో ఆగాడు. మళ్ళీ ప్రయత్నించాడు. పక్కనున్న బెంచీని పట్టుకుని లేచి నిలబడ్డాడు, మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ పెద్దమనిషి బావ భుజం తట్టి, మీకు బాగా దగ్గరవాళ్ళ నోటే విన్నానని మాత్రం అన్నాడు. నన్ను చూశాడు, గుర్తుపట్టాడు, నా పేరు మాత్రం ఎత్తలేదు. ఆయన పెద్దమనిషితనం చాటున నేను దాక్కున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో ఇసుక మూట తీయలేదు. బావ నన్ను ఒక్కటే అడిగాడు: "నువ్వేమన్న ఎక్కడన్న అన్నవారా?"

నేను తల అడ్డంగా ఊపాను. నోటితో అబద్ధం ఆడలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. బావ అక్క వైపు చూడను కూడా చూడలేదు. "అయితే వాడే" అన్నాడు. నేను వెంటనే నిజం చెప్పి ఉండాల్సింది. గోలీ అన్నను ఎవరూ కలకత్తాకు పిలవలేదు కాబట్టి కుళ్ళు అనే కారణం అక్కడ సిద్ధంగా దొరికింది. అక్క అదే మాట అంటే నేను ఊఁ కొట్టాను. ఇంకొకటి కూడా రాయాలి. బావ ఇక మా ఊళ్ళోనే ఉంటాడు, హోటల్లో నా కుర్చీ నాకే ఉంటుంది అనే సంతోషం ఆ రోజు నాలో ఒక మూల కదిలింది. దాన్ని నేను పిలవలేదు, కానీ వచ్చింది.

తరువాత ఫిట్టర్ మామ దారిలో కనబడి, చుట్టూ చూసి, "నువ్వనలే, నేనినలే" అని నా వీపు మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. ఆయన పోయి కూడా చాలా కాలమైంది.

బావ గోలీ అన్నతో మాట్లాడటం మానేశాడు. ఎందుకో చెప్పలేదు, గోలీ అన్న రెండుసార్లు ఇంటికి వస్తే తలుపు దగ్గరే మొహం తిప్పుకున్నాడు. ఆ తరువాత మైదానంలో ఆ విసురు ఆగిపోయింది. గోలీ అన్న కూడా అందరిలాగా బంతిని కాలితో తన్నడం మొదలుపెట్టాడు. బావ ఒకటి రెండుసార్లు అలవాటు కొద్దీ కుడి గీత వెంట పరుగెత్తి, బంతి లేదని తెలిసి నడిచి వెనక్కి వచ్చాడు. హోటల్లో రెండు సీజన్ల పాటు ఇదే చర్చ. గోలీ భుజం పట్టేసిందని కొందరు, కోచ్ మార్చమన్నాడని కొందరు. పంకా కింద కూర్చుని నేను కూడా నా అభిప్రాయం చెప్పేవాణ్ణి. భుజమే అయి ఉంటుందని చెప్పినట్టు గుర్తు. మెల్లగా మా ఇంటి నుంచి ఆ కుళ్ళు మాట బయటకు పొక్కి పేటంతా పాకింది. మోకాలు ఎలాగో ఒక ఏడాదిలో సర్దుకుంది, ఆట మాత్రం సర్దుకోలేదు.

మేనకోడలి బాప్తిస్మానికి గోలీ అన్నను పిలవలేదు. ఆయన వచ్చాడు. వెనక బెంచీలో కూర్చుని, పాప ఏడుపు వినబడినప్పుడు మెడ నిక్కించి చూసి, చివరి ఆశీర్వాదం ముందే లేచి వెళ్ళిపోయాడు. పాపను ఆ రోజు ఎత్తుకుని నిలబడ్డది నేను.

గ్రూపులో ఆ లైను చూసిన మర్నాడు బావ ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. ఇప్పుడాయన రిటైరై మల్లెచెట్లు పెంచుకుంటున్నాడు. నీళ్ళ పైపు చేతిలో పట్టుకుని విన్నాడు. నీళ్ళు కుండీ నిండి, గచ్చు మీదకు పారి, నా చెప్పుల దాకా వచ్చాయి. "కలకత్తా పోతే పాయెరా. వాన్ని పోగొడితివి గదరా" అన్నాడు. ఆ వెంటనే, ఎవరికి చెప్పుకుంటున్నాడో తెలియదు గాని, "నేను అడగనన్న అడగకపోతి" అన్నాడు. చొక్కా వేసుకుని వచ్చి నా బండి ఎక్కాడు.

గోలీ అన్న రాంగోపాల్‌పేట్‌లో ఒక పాత ఇంటి మేడ మీద ఉంటున్నాడు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయినట్టు కూడా కనబడలేదు. నేను నిలబడే చెప్పాను. ఆయన పూర్తిగా విని బావ వైపు తిరిగాడు.

"గొంతుకూర్చోమన్న దినం నేను నీ పక్కనే ఉంటి. ఒక్కసారి, ఒరేయ్, నువ్వేనా అని అడిగుంటే చెప్తుంటి గద. కొట్టి అడిగినా చెప్తుంటి."

వదిన చాయ్ తెచ్చి ముగ్గురికీ ఇచ్చింది. గోలీ అన్న కప్పు పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. బుడ్డోడా అని పిలిచిన మనిషి, ఎవరో ఆఫీసరుతో మాట్లాడినంత మర్యాదగా, "నాకు చెప్పి ఏం లాభం సార్? మా పోరడు చిన్నప్పటి సంది నాయిన కుళ్ళుబోతు అని ఇనుకుంట పెరిగిండు. వానికి చెప్పుండ్రి. ఆ ఫోన్ల రాసినోళ్ళకు చెప్పుండ్రి" అన్నాడు.

చెప్పాను. కొడుక్కి విడిగా రాశాను. చదివినట్టు తెలిసింది, జవాబు రాలేదు, రావాలని అడిగే హక్కు నాకు లేదు. గ్రూపులో మొత్తం రాశాను. నలుగురు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు, ఒకరు ధైర్యం గల మనిషివన్నారు. ఆ మాట చాలా బాధించింది. పావుగంటలో మళ్ళీ ఆ విదేశీ స్ట్రైకర్ క్లబ్బు మారే సంగతి మొదలైంది.

ఆ రోజే ఇరానీ హోటల్లో నిలబడి నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తరచు ఊహించుకుంటూ ఉంటాను. బావ చెంప పగలగొట్టేవాడు. గోలీ అన్న నా చొక్కా పట్టుకుని రోడ్డు మీదకు ఈడ్చేవాడు. ఫిట్టర్ మామ వారం రోజులు నా పేరు మీద నవ్వించేవాడు, పంకా కింది కుర్చీ పోయేది. అక్క అన్నం పెడుతూనే తిట్టేది. పై ఆదివారానికి అందరం మళ్ళీ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చునేవాళ్ళం. తప్పు చేసినవాణ్ణి పట్టుకుని నాలుగు తగిలించే మనుషులు ఆ రోజుల్లో చేతికందే దూరంలో ఉండేవాళ్ళు. ఇప్పుడు నిజం చెబితే అందరూ మర్యాదగా ఊరుకుంటున్నారు. తిట్టవలసినవాళ్ళలో సగం మంది లేరు, ఉన్నవాళ్ళకు నేను తిట్టదగినంత దగ్గరివాణ్ణి కాను.