ఎనిమిది మూటల బండ్లు

ఆస్పత్రి కింది అంతస్తులో, బట్టలారబెట్టే మిషన్ల పక్కన, ఇస్త్రీ బల్ల మీద కూర్చుని ఒక సినిమా డైరెక్టరు కథ వినిపించాడు. వింటున్నవాళ్లు ఎనిమిది మంది ఆడవాళ్లు. అందరూ ఆ లాండ్రీలో పనిచేసేవాళ్లే, కథ కూడా వాళ్లదే. భోజనం వేళ కావడంతో మిషన్లు ఆగాయి గానీ గదిలో వేడి ఆగలేదు. చొక్కా వీపుకు అంటుకుపోతున్నా డైరెక్టరు తగ్గలేదు. వాన చప్పుడూ, పిడుగూ, వెనకనుంచి వచ్చే వయొలిన్లూ అన్నీ నోటితోనే పలికించాడు.

"అక్క ఒళ్లో చిలక తల. బయట కుండపోత వాన. 'నాకైంది ఇంకెవరికీ కాకూడదక్కా' అంటుంది చిలక. చెయ్యి జారిపోతుంది. కళ్లు మూసుకుంటుంది. ఇంటర్వెల్!"

బోర్లించిన బకెట్టు మీంచి ఒక గొంతు లేచింది.

"నన్ను చంపేశారా?"

అడిగింది అసలు చిలకే. డైరెక్టరు బల్ల మీద సర్దుకుని కూర్చున్నాడు.

"సినిమాలో మాత్రమేనండీ."

"పోనీ చివర్లో చంపొచ్చుగా? ఇంటర్వెల్‌కే పంపించేస్తే మిగతా సగం నేనేం చూడను?"

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. నవ్వనిది ఒక్క మరకలక్క.

డైరెక్టరు కథలో 'అక్క' అంటే ఈవిడే. ఇరవై రెండేళ్లుగా ఆ లాండ్రీలో ఉంది. దుప్పటి మీద మరక చూస్తే చాలు, అది రక్తానిదా, మందుదా, తాగొద్దన్న రోగి దొంగచాటుగా తాగిన కాఫీదా అన్నది చెప్పేస్తుంది. ఆ విద్యవల్లే ఆ పేరు. మాట మాత్రం పొదుపు. ఆ లోటు తీర్చడానికే పుట్టినట్టుంటుంది చిలక. మిషన్లన్నీ తిరుగుతున్నా దాని మాట గది చివరిదాకా వినబడుతుంది.

ఏడేళ్ల కిందట ఆ చిలక ఆరు నెలలు నోరు విప్పలేదు.

అప్పట్లో వార్డుల్లో వాడిన దుప్పట్లన్నీ మూటలు కట్టి కిందికి పంపేవాళ్లు. ఏ వార్డు మూటో తెలియడానికి ఒక్కో వార్డుకు ఒక్కో రంగు నాడా. నలభై మంచాలకు ఒక నర్సు ఉన్నచోట వాడిన సూది దుప్పటి మడతలో ఉండిపోవడం వింత కాదు. మూట విప్పి ఉత్త చేతులు లోపల పెట్టేది లాండ్రీ వాళ్లు. గుచ్చుకుందని చెబితే, "చీమ కుట్టిందనుకోండమ్మా" అనేవాడు సూపర్‌వైజరు. ఒకరోజు చిలక ఉంగరం వేలికి సూది లోపలిదాకా దిగింది. ఏ రోగిదో తెలియదు, ఏ రోగమో తెలియదు. రక్తపరీక్షలు, మందులు, మళ్లీ పరీక్షలు. ఆ ఆరు నెలలూ చిలక కూతురికి జడ వేయలేదు. వేస్తే ఏమీ కాదని డాక్టర్లు చెప్పినా దాని చెయ్యి ముందుకు రాలేదు. చివరికి ఏ జబ్బూ లేదని తేలింది. అదృష్టం అన్నారంతా. అదృష్టం మీద ఆధారపడి బతకమని పనివాళ్లకు చెప్పడం అందరికీ సులువే.

ఆ నెలల్లో మిగతావాళ్లు ఊరుకోలేదు. దొరికిన సూదినల్లా ఒక డబ్బాలో దాచి సూపరింటెండెంటు గదికి పట్టుకెళ్లారు. అక్కడే వాళ్ల చేతులు వాళ్లను మోసం చేశాయి. మురికి వస్తువు పై అంతస్తుకు పంపడం అలవాటు లేని చేతులు కదా! ముందురోజే ప్రతి సూదినీ సోడా నీళ్లలో మరిగించి, కడిగి, తుడిచి, వరసగా పేర్చారు. సూపరింటెండెంటు డబ్బా మూత తీశాడు. సూదులు తళతళలాడాయి.

"ఇవి వాడినవా? స్టోర్లోంచి ఎత్తుకొచ్చి నాకు కథలు చెబుతున్నారా?"

దొంగలన్న ముద్ర మోసుకుని కిందికి దిగారు. వారం రోజులు ఎవరి మొహం ఎవరూ చూసుకోలేకపోయారు.

ఆ వారం తర్వాత, చిలక కూడా తిరిగి పనిలోకి వచ్చాక, మరకలక్క ఒక్కటే మాట అంది. "రేపు మూటలు విప్పొద్దు."

మర్నాడు పొద్దున ఎనిమిది వార్డుల నుంచి ఎనిమిది మూటలు వచ్చాయి. వేసిన ముడి వేసినట్టే ఉంచి, ఎనిమిది బండ్ల మీద పెట్టి, మనిషికో బండి తోసుకుంటూ సూపరింటెండెంటు గది ముందు వరసగా నిలబెట్టారు. ఆయన బయటికి వచ్చాడు.

"సార్, మీరే విప్పండి. చెయ్యి పెట్టి ఒక్క దుప్పటి తీసివ్వండి, మేం వెళ్లిపోతాం" అంది మరకలక్క.

ఆయన చెయ్యి ముడి దాకా వచ్చింది. అక్కడ ఆగింది. వెనక్కి వెళ్లింది.

"గ్లౌజులు తీసుకురండి" అన్నాడు ఎవరితోనో.

"మాకు లేవు సార్" అంది అందరిలోకీ పెద్దావిడ.

బండ్లు అక్కణ్ణుంచి కదల్లేదు. మధ్యాహ్నానికి వార్డుల్లో ఉతికిన దుప్పట్లు అయిపోయాయి. సాయంత్రానికి కొత్త రూలు మీద సూపరింటెండెంటు సంతకం పడింది. ప్రతి వార్డులో దుప్పటిని బల్ల మీద పరిచి చూశాకే మూట కట్టాలి. సూదులకు ప్రతి మంచం దగ్గరా గట్టి మూతపెట్టె ఉండాలి. లాండ్రీలో అందరికీ మందపాటి గ్లౌజులు ఇవ్వాలి. ఆ తర్వాత ఆ లాండ్రీలో ఒక్క చేతికి కూడా సూది దిగలేదు. రెండేళ్లకు ఆస్పత్రి వరండాలో ఒక బోర్డు మాత్రం వెలిసింది. ఈ పద్ధతి సూపరింటెండెంటు గారి ముందుచూపు వల్ల వచ్చిందట! చేయి వెనక్కి లాక్కోవడాన్ని ముందుచూపు అంటారని లాండ్రీ వాళ్లకు అప్పుడే తెలిసింది.

ఇదీ జరిగింది. డైరెక్టరు వినిపించినదాంట్లో మాత్రం ఒక అందమైన కుర్ర డాక్టరు సూదులు కనిపెడతాడు, అక్కకు ధైర్యం నూరిపోస్తాడు. చిలక చచ్చిపోతుంది. అక్క ఒంటరిగా ఒక్క బండి తోసుకెళ్లి, సూపరింటెండెంటు ముందు పది నిమిషాలు ఉపన్యాసం దంచుతుంది. మిగతా ఆరుగురూ వెనకాల చప్పట్లు కొడతారు.

"బావుందా అక్కా?" అని కాగితాలు ముందుకు జరిపాడు. ఆమె సంతకం లేనిదే సినిమా మొదలవదు.

"నేను పెట్టను" అంది మరకలక్క.

"ఎందుకక్కా? నిన్ను దేవతలా చూపిస్తుంటే?"

"పది నిమిషాలు మాట్లాడానా నేను? మా ఆయనతోనే ఎప్పుడూ అంతసేపు మాట్లాడలేదు."

"సినిమాకి ఒక్కరే ఉండాలక్కా. ఎనిమిది మందిని పెడితే జనం ఎవర్ని పట్టుకుంటారు?"

"జనాన్ని అడిగావా?"

నిజమైన మనుషుల బతుకుల మీద తీసిన సినిమాలంటే, ఈ కథ చెబుతున్న నాకూ ప్రాణమే. హాల్లో కళ్లు తుడుచుకుని, ఇంటికొచ్చాక రెండు రోజులపాటు కొండనైనా ఢీకొట్టగలం అనిపిస్తుంది. ఆ రెండు రోజులు తక్కువవేం కాదు. కానీ పోస్టరు మీద ఎప్పుడూ ఒక్క మొహమే ఉంటుంది. పక్కన నిలబడ్డవాళ్లు, బండి తోసినవాళ్లు, జీతం కోత పడినవాళ్లు ఎడిటింగు గదిలోనే రాలిపోతారు. చూసేవాడికి అందే పాఠం ఏమిటి? మహానుభావుడు ఒకడు పుట్టేదాకా నోరు మూసుకుని కూర్చోమని. పెత్తనం చేసేవాళ్లకు అంతకంటే కావలసిందేముంది?

డైరెక్టరు వెళ్లిపోయాక లాండ్రీలో గొడవ మొదలైంది. జన్మలో ఒకసారి వచ్చే అవకాశం, కాలదన్నుకుంటామా అన్నారు నలుగురు. అందరికంటే గట్టిగా అరిచింది చిలకే.

"పెట్టెయ్యి అక్కా సంతకం! చస్తే చచ్చాన్లే. మా ఆయన నాకోసం ఏడుస్తాడో లేదో హాల్లో కూర్చుని చూసుకుంటా."

"ఎందుకేడుస్తాడే, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంటే?" అంది పెద్దావిడ.

మరకలక్క ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి చిలక వైపు తిరిగింది. "నువ్వు చచ్చిపోయుంటే మన కథ సులువే. నువ్వు బతికావు. బతికి, ఏ మూట నీ వేలు పొడిచిందో ఆ మూటల దగ్గరికే మళ్లీ పనికొచ్చావు. మొదటిరోజు మూట ముందు గంటసేపు వణుకుతూ నిలబడ్డావు, నేను చూశాను. అది చూపించడం చేతకాక నిన్ను చంపుతున్నారు. బోర్డు పెట్టినప్పుడు ఊరుకున్నాం. అది వరండాలోనే ఉండిపోయింది. సినిమా ఊరూరూ తిరుగుతుంది."

చిలక లేచి ఇస్త్రీ పెట్టె అందుకుంది. గొడవ అక్కడితో సద్దుమణిగింది.

పన్నెండో రోజున డైరెక్టరు మళ్లీ వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. సోమవారంలోగా సంతకం రాకపోతే ఇంకో కథ చూసుకోమని నిర్మాత చెప్పేశాడట.

"సరే, ఒక పని చెయ్యి. ఆ కుర్చీలో కూర్చో. నువ్వే సూపరింటెండెంటువి" అంది మరకలక్క.

ఆయన కూర్చున్నాడు. చిలక ఒక్క బండి తోసుకొచ్చి ఆయన ముందు ఆపింది. "సార్, దీంట్లో సూదులున్నాయి సార్. మీరే విప్పండి సార్!"

డైరెక్టరు కథలు చెప్పేవాడు కదా, పాత్రలో దూరిపోయాడు. కాలు మీద కాలు వేసుకుని, "ఏ వార్డు ఇది?" అన్నాడు.

"ఆకుపచ్చ నాడా సార్. పిల్లల వార్డు."

"అయితే ఆ వార్డు నర్సుని సస్పెండ్ చెయ్యండి!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"చూశావా? నువ్వు మంచివాడివే. అయినా నీ నోట్లోంచి ఆ మాటే వచ్చింది" అంది మరకలక్క. "ఒక్క బండి తీసుకెళ్తే ఒక్క నర్సు ఉద్యోగం పోతుంది. నలభై మంచాలు ఒక్కతే చూసుకునే పిల్ల అది, మనకేం శత్రువా?" ఆమె చెయ్యి ఊపింది. మిగతా ఏడు బండ్లు గడగడమంటూ వచ్చి కుర్చీ చుట్టూ నిలబడ్డాయి. "ఇప్పుడు చెప్పండి సార్. ఎవర్ని సస్పెండ్ చేస్తారు?"

డైరెక్టరు ఎరుపు, నీలం, పసుపు నాడాల వంక వరసగా చూశాడు. లేవడానికి కూడా సందు లేదు.

"ఎవర్నీ చేయలేను" అన్నాడు నెమ్మదిగా. "రూలే మార్చాలి."

"మేం ఎనిమిది మందిమి వెళ్లింది అందుకు. నువ్వు సగంలో ఒకర్ని చంపి, ఆరుగురి చేత చప్పట్లు కొట్టించావు. ఇంక బండ్లు తోసేదెవరు?"

ఆయన చాలాసేపు ఏదో రాసుకుంటూ కూర్చున్నాడు. లేచేటప్పుడు అడిగాడు. "మరి ఆ డాక్టరు పాత్ర?"

"ఆ రోజుల్లో మెట్లు దిగి ఇక్కడికొచ్చిన డాక్టరు ఒక్కడే" అంది పెద్దావిడ. "అదీ దారి తప్పి."

సోమవారం దాటింది. నిర్మాత మండిపడ్డాడు. డైరెక్టరు వెనక్కి తగ్గలేదు. పెద్ద పేరున్న నటి ఇంటికి వెళ్లి, బండ్ల సీను ఒక్కటే వినిపించాడు. ఆవిడ విని, ఆ సీను మారిస్తే తాను చేయనంది. అంతటితో నిర్మాతకు కూడా అదే మొదట్నుంచీ తన ఆలోచన అనిపించింది. ఎనిమిది బండ్లు ఉంటాయనీ, చిలక బతికే ఉంటుందనీ ఒప్పందం కాగితంలోనే రాయించాక మరకలక్క సంతకం పెట్టింది. మిగతా ఏడుగురి చేతా కూడా పెట్టించింది.

పని నేర్చుకోవడానికి ఆ నటి నాలుగు రోజులు లాండ్రీకి వచ్చింది. మొదటిరోజే మూటను చంటిబిడ్డలా గుండెలకు హత్తుకుని లేపబోతే చిలక కేక పెట్టింది. "అమ్మా తల్లీ, అలా కావలించుకుంటే సూది తిన్నగా నీ కడుపులో దిగుతుంది! ముడి పట్టుకో, ఒంటికి దూరంగా పట్టుకో!" సినిమాలో ఆ మాట అలాగే ఉంది.

విడుదలైన రోజు ఎనిమిది మందీ డ్యూటీలు మార్చుకుని పొద్దున ఆటకే వెళ్లారు. తెర మీద చిలక పాత్ర మళ్లీ పనిలోకి వచ్చి, మూట ముందు వణుకుతూ నిలబడి, చివరికి ముడి విప్పినప్పుడు హాలు ఊపిరి బిగబట్టింది. చిలక మరకలక్క మోచేతిని గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత బండ్లు వచ్చాయి. ఒకటి, రెండు, మూడు... పాట లేదు, ఉపన్యాసం లేదు, చక్రాల చప్పుడొక్కటే. సూపరింటెండెంటు చెయ్యి ముడి దాకా వచ్చి వెనక్కి పోయిందో లేదో, హాలు మొత్తం ఒక్కసారిగా లేచి అరిచింది. నేల టికెట్టు నుంచి బాల్కనీ దాకా ఈలలు. వాటిలో చెవులు చిల్లులు పడే ఈల చిలకది. పక్క సీట్లో దాని మొగుడు చేతిరుమాలు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. చచ్చిందని కాదు, బతికిందని.

చివర్లో ఎనిమిది ఫోటోలు, ఎనిమిది అసలు పేర్లు. ఒక్కో పేరూ తెర మీద ఒంటరిగా, చదవడానికి సరిపడినంతసేపు నిలబడింది. దీపాలు వెలిగినా జనం కదల్లేదు. ఆ తర్వాత హాల్లో ఉన్న ఎనిమిది మందినీ గుర్తుపట్టారు. వాళ్లు బయటికి రావడానికి అరగంట పట్టింది.

మూడు వారాలకు, భోజనం వేళ, లాండ్రీ గోడకున్న ఫోను మోగింది. మరకలక్క తీసింది. ఎక్కడో ఇంకో ఊళ్లో, ఇంకో ఆస్పత్రి లాండ్రీ నుంచి ఎవరో ఆడమనిషి.

"అక్కా, సినిమా చూశామక్కా. మా దగ్గర ఆరు వార్డులే. పొద్దున ఆరు బండ్లూ పెద్దాయన గది ముందు పెట్టేశాం. ఒక్క ముడి కూడా విప్పలేదు."

మరకలక్క చేత్తో సైగ చేసింది. ఏడుగురూ ఫోను చుట్టూ మూగారు. "ఏమన్నాడు?"

"ఆయనా చెయ్యి వెనక్కి లాక్కున్నాడక్కా! లోపల కూర్చుని రాస్తున్నాడు. ఇక వెళ్లి పని చూసుకోండి, సంతకం పెట్టి పంపిస్తా అంటున్నాడు. వెళ్లమంటారా?"

"వద్దు!" ఎనిమిది గొంతులు ఒక్కసారే అరిచాయి.

మరకలక్క ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుంది. "కాగితం మీ చేతికొచ్చేదాకా ఒక్క చక్రం కూడా కదపకండి. వచ్చాక గట్టిగా చదివించండి, ఆరుగురూ వినండి. మేం లైన్లోనే ఉంటాం."

అవతల తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఒక గొంతు కాగితం చదవడం మొదలుపెట్టింది.