ఉల్లిపాయల గోదాము మీది సంఘం

ఉల్లిపాయల బస్తా మూతి విప్పగానే ఒక ఘాటు లేస్తుంది. ఎండిన పొర, గోనె, ఎక్కడో అడుగున మగ్గిన కాయ, అన్నీ కలిసిన వాసన. మొన్న తాడేపల్లిగూడెం మార్కెట్లో ఆ వాసన తగలగానే పక్కనున్న ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నా చెయ్యి మాత్రం నాకు తెలియకుండానే కొంగును తల మీదికి లాగింది. నాకు అది ప్రార్థన వాసన. శాంతకుమారి మేడమ్ గారు కాలేజీ పిల్లల కోసం మొదలుపెట్టిన సంఘం ఒక ఉల్లిపాయల గోదాము మీది గదిలోనే పుట్టింది. కింద బస్తాలు దించే కేకలు, పైన మా పాటలు. ఎవరి గొంతు గెలిస్తే వారిదే ఆ పూట.

నేను అప్పటికి అమ్మాయిల హాస్టల్లో ఆయాని. మాది ఆకివీడు అవతల, కొల్లేటి ఒడ్డున చిన్న పల్లె. మా నాన్న చేపల చెరువుల మీద కాపలా ఉండేవాడు. తాతల కాలం నుంచీ మేము చర్చికి వెళ్ళేవాళ్ళమే కానీ, బడి మాత్రం నా దాకా రాలేదు. తమ్ముళ్ళను చంకనెత్తుకోవడంతోనే నా చిన్నతనం అయిపోయింది. పెళ్ళయి, భర్త పోయాక పని కోసం గూడెం వచ్చాను. ఒకసారి హాస్టల్లో ముగ్గురు అమ్మాయిలు ఆదివారం ప్రార్థనకు వెళ్తామంటే, ఆయా తోడుంటేనే పంపుతానన్నారు వార్డెన్ గారు. అలా నేను ఆ సంఘంలో డ్యూటీ మీద చేరాను. భక్తి మాట తర్వాత.

మేడమ్ గారు ఏలూరులో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయిన మనిషి. ఆదివారం పొద్దున్నే పాసింజరు బండిలో దిగి, మాకంటే ముందే వచ్చి, గది ఊడ్చి చాపలు పరిచేవారు. మొదటి రోజు మెట్ల పైన నిలబడి ఒక్కొక్కరినీ పలకరిస్తూ నా దగ్గర ఆగారు.

“మీ పేరేంటండీ?”

“ఆయానండి.”

“అది పనండీ. నేను పేరడిగేను.”

“మరియమ్మండి.”

“రండి మరియమ్మ గారూ, గుమ్మంలో ఎందుకు? లోపలికొచ్చి కూర్చోండి.”

పేరు పక్కన గారు అన్న మాట తగిలించుకోవడం నాకు అదే మొదలు. కొత్త చీర కట్టుకున్నట్టు కాస్త గరుకుగా అనిపించింది.

ఊళ్ళో పాత చర్చి పెద్దాయన ఒకరు మా గది చూడటానికి వచ్చారు. చెడ్డమనిషి కాదు, ఎకసెక్కం కాస్త ఎక్కువ. “కాలేజీ పిల్లల సంఘమా మేడమ్ గారూ! చదువైపోతే ఒక్కడుంటాడా? దీన్ని సంఘం అనకండి, కొల్లేటి కొంగలనండి. చలికాలం వాలతాయి, ఎండొస్తే ఎగిరిపోతాయి. రెండేళ్ళకి గదికి తాళం పడుద్ది చూడండి.” పిల్లల ముఖాలు వాడిపోయాయి. ఆయన అన్నది నిజమేనని అందరికీ తెలుసు. మేడమ్ గారికీ తెలుసు. ఆమె నవ్వి, చాప చివర కూర్చున్న నా వైపు తిరిగారు.

“మరియమ్మ గారూ, మీది కొల్లేరే కదా. పక్షులెళ్ళిపోయేక అక్కడేం మిగులుద్దండీ?”

“నీళ్ళండి,” అన్నాను. ఇంకేమంటాను?

“అదే కావాలండి మనకి,” అన్నారామె పెద్దాయనతో. ఆ మాట ఆయనకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

నేను చూసిన పాస్టర్లందరూ అన్నీ తామే చేసేవారు. ఈమె ఏదీ చేసేవారు కాదు. పాట ఒకరు ఎత్తాలి, ప్రార్థన ఒకరు చెయ్యాలి, బైబిలు వాక్యం ఒకరు చదవాలి, నాలుగు మాటలు ఒకరు చెప్పాలి. ఎవరికి రాకపోతే వారికే ఆ పని పడేది. అంత చదువున్న మనిషి వెనక గోడకు ఆనుకుని, మాటలు తడుముకుంటున్న పద్దెనిమిదేళ్ళ పిల్ల చెప్పేది తల వంచుకుని వినేవారు. నాకు ఒళ్ళు మండేది. ఒకనాడు అనేశాను కూడా, “మీరు చెప్తే ఎంత బాగుంటాదండీ, ఈళ్ళ నత్తి మాటలెందుకు మనకి?” అని. “నేను చెప్తే బాగానే ఉంటాది మరియమ్మ గారూ. నాతోనే అయిపోద్ది కూడా,” అన్నారు.

ఒక ఆదివారం ఉంగుటూరు వైపు నుంచి వచ్చే ప్రవీణ్ అనే అబ్బాయికి వాక్యం చదివే వంతు వచ్చింది. ఇంజినీరింగ్ మూడో ఏడు. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం. నోటి తెలుగు గోదారిలా పారుతుంది కానీ, అచ్చులో చూస్తే కాళ్ళు తడబడతాయి. పాపం అన్న మాట దగ్గరకొచ్చి, గొంతు సవరించుకుని, గట్టిగా “వాపము” అన్నాడు. మళ్ళీ రెండో వరసలో “వాపములు” అన్నాడు.

“ఎక్కడ్రా వాపు? కాపడం పెట్టించుకో,” అన్నాడు వెనకనుంచి ఒకడు. గదంతా గొల్లుమంది. మేడమ్ గారు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వు ఆగాక, “వాపు కూడా నొప్పే కదా బాబూ, అదీ తగ్గాల్సిందే. మళ్ళీ చదువు,” అన్నారు. ఆ తర్వాత, ఎంతమందికి తెలుగు చదవడం వచ్చో చేతులెత్తమంటే సగం చేతులు కూడా లేవలేదు.

వచ్చే వారం నుంచి ప్రార్థనకు ముందు అక్షరాల క్లాసు అన్నారు. “బీటెక్‌లో అ ఆలా మేడమ్!” అని ప్రవీణ్ తల పట్టుకున్నాడు. “ఫోన్లో ఇంగ్లీషులో చదివేస్తాం కదండీ.”

“ఇక్కడ ఇంగ్లీషు రానివాళ్ళు కూడా ఉంటారు బాబూ. వాళ్ళకి వినపడొద్దూ?”

అలా ఇంజినీర్లు కాబోయేవాళ్ళంతా చాప మీద కూర్చుని పలకలు పట్టారు. అమ్మాయిల పక్కన ఊరికే కూర్చోవడం బాగోదని నేనూ ఒక పలక తీసుకున్నాను. నన్ను ఎవరూ చూడలేదు. అందరూ తప్పులు రాసే చోట నా తప్పు ఎవరికి కనబడుతుంది? ప నోరు తెరుచుకుని ఉంటుంది, వ నోరు మూసుకుని ఉంటుంది, అని మేడమ్ గారు చెప్పింది ప్రవీణ్‌కి. దాన్ని నేనూ పట్టుకున్నాను. పిల్లలు కొన్ని నెలల్లో చదివేసి ముందుకు వెళ్ళారు. నాకు గుణింతాలు దాటేసరికే ఏడాది గడిచింది. అయినా మేడమ్ గారు క్లాసు ఆపలేదు. ఇంక ఎవరి కోసమని పిల్లలు అడగలేదు, నేనూ అడగలేదు.

ఆ మరుసటి వేసవికి ప్రవీణ్ వాళ్ళ చదువులు అయిపోయాయి. మిగతావాళ్ళు సెలవులకు ఊళ్ళకు వెళ్ళారు. హాస్టల్ ఖాళీ. బిల్డింగు చూసుకోవడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. ఎవరూ రారు కదా అనుకుంటూనే ఆదివారం గదికి వెళ్ళాను. చాపలన్నీ ఎప్పటిలాగే పరిచి ఉన్నాయి. మేడమ్ గారు గోడకు ఆనుకుని కూర్చున్నారు. మొహం పీక్కుపోయి ఉంది. ఒంట్లో బాగోలేదని, మెట్లెక్కడానికి ఆయాసంగా ఉందని చెప్పారు. కరెంటు లేదు. కింద గోదాము కూడా ఆ పూట మూగగా ఉంది.

“పెద్దాయన చెప్పినట్టే అయ్యిందండి, కొంగలెళ్ళిపోయేయి,” అన్నాను.

“ఎళ్ళాలండి. ఎళ్ళకపోతే చదువెందుకూ?” అని గ్రంథం తెరిచి నా ఒళ్ళో పెట్టారు. “ఈ పూట వాక్యం మీరు చదవండి.”

వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడగట్టాను. వరస చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయేదాన్ని. మళ్ళీ మొదటికి. జ్ఞానము అన్న మాట దగ్గర పూర్తిగా ఆగిపోయాను. జ కింద ఆ వంకర ఏమిటో గుర్తు రాలేదు. చెమట పేజీ మీద పడింది. ఆమె ఆ మాట ఎన్ని వేలసార్లు చదివి ఉంటారో! ఒక్కసారి పెదవి కదిపితే నా కష్టం తీరిపోయేది. ఆమె పెదవి కదల్లేదు. విసుగూ లేదు, జాలీ లేదు. పంట చేలో గట్టు మీద కూర్చున్న రైతులా, ఎంతసేపైనా ఫరవాలేదన్నట్టు కూర్చున్నారు. చివరికి ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

“పిల్లలెళ్ళిపోతారు,” అన్నారామె అప్పుడు. “నేనూ ఎన్నాళ్ళో ఉండను. ఈ ఊళ్ళో ఉండిపోయేది మీరేనండి.”

ఆ క్లాసు ఎవరి కోసం నడిచిందో అప్పుడు తెలిసింది. మా సంఘం నిలవడానికి మేడలూ మైకులూ కాదు, వెళ్ళిపోని మనిషి ఒకరు కావాలని ఆమె ముందే చూశారు. ఆ మనిషిని డిగ్రీల వాళ్ళలో వెతకలేదు. నాకు సిగ్గు కలగకుండా నాకు చదువు చెప్పడానికి బీటెక్ పిల్లలందరి చేతా పలకలు పట్టించారు. ఆమె పక్కన కూర్చుని ఉండగానే, నాకు ఆమెను చూడాలంటే భయం లాంటిదేదో వేసింది. కొండ కింద నిలబడి తలెత్తి చూసినప్పుడు కలిగేది.

కాలేజీలు తెరవకముందే ఆమె ఏలూరులో కన్నుమూశారు. సమాధి దగ్గర ప్రవీణ్ నా చెయ్యి పట్టుకుని, “ఇంక గది ఏమౌద్ది ఆయమ్మా?” అని ఏడ్చాడు. కాలేజీలు తెరిచాక వచ్చిన మొదటి ఆదివారం వెళ్ళి, ఊడ్చి, చాపలు పరిచాను. చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత మెట్ల మీద చెప్పులు విప్పిన చప్పుడు. కొత్తగా చేరిన పిల్లలు కొందరు గుమ్మంలో తటపటాయిస్తున్నారు. ముందున్న అమ్మాయి గదంతా చూసి, నన్ను చూసి, “ఇక్కడ పాస్టరు గారెవరండీ?” అంది.

గ్రంథం నా ఒళ్ళోనే ఉంది. చదవాలని నోరు ఉబలాటపడింది. ఇప్పటికీ ప్రతి ఆదివారం పడుతుంది.

“రండమ్మా, లోపలికొచ్చి కూర్చోండి,” అన్నాను. “ఈ పూట మీలో ఎవరు చదువుతారు?”