భీమేశ్వరరావు గారి హెడింగులు

భీమేశ్వరరావు గారికి ఏదైనా చూపించి ఎలా ఉందని అడిగితే లాభం లేదు. ముందు అదేమిటో చెప్పాలి. చెప్పేదాకా ఆయన వదలరు.

పుస్తకాలను కంప్యూటర్లో చదువుకునేలా తయారుచేసే నోయిడా కంపెనీలో చేరిన మొదటిరోజే మైథిలికి ఈ సంగతి తెలిసొచ్చింది. అది 2008. రాజమండ్రి నుంచి వచ్చి అప్పటికి వారం కాలేదు. తెలుగు మనిషి దొరికాడన్న సంబరంలో క్యాంటీన్లో ఆయన పళ్ళెంకేసి చూసి, "కూర ఎర్రగా భలే ఉందండీ" అంది.

"ఎర్రగా ఉందని నాకూ కనిపిస్తోందమ్మాయ్. ఇంతకీ ఏమిటది?"

"రాజ్మా అనుకుంటానండీ."

"అనుకోవడమేమిటి?" ఆయన లేచి వంటవాణ్ణి అడగడానికి వెళ్ళారు. వచ్చేసరికి కూర చల్లారిపోయింది. "రాజ్మాయేనట" అని తృప్తిగా కూర్చుని ఆ చల్లటి కూరే ఆనందంగా తిన్నారు.

ద్వారక కాలనీలో వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు ఆయన భార్య సుభద్ర గారు తన గోడు చెప్పుకున్నారు. "పెళ్ళయిన కొత్తలో చీర కట్టుకుని ఎలా ఉందండీ అన్నాను. ఇది పేరంటానికా, కూరల బజారుకా, ముందది తేల్చు అన్నారు. పంతొమ్మిదేళ్ళయింది, మళ్ళీ అడగలేదు."

ఇంట్లో ఇది సరదాగానే ఉంటుంది. ఆఫీసులో మాత్రం అందరి ప్రాణం తీసేది. అధ్యాయం పేరు కనబడితే చాలు, ఆయన కింద పనిచేసే కుర్రాళ్ళు దాన్ని లావు అక్షరాలు చేసేసి ముందుకు వెళ్ళిపోయేవారు. భీమేశ్వరరావు గారు వెనక నిలబడి గొంతు సవరించుకునేవారు.

"ఏమిటిది?"

"హెడింగ్ సర్."

"హెడింగని ఎక్కడ రాశావు? లావుగా ఉందంతే. నేనూ లావుగానే ఉంటాను. నేను హెడింగునా?"

ఆయన పట్టుదలకు ఒక కారణం ఉంది. అప్పట్లో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. ఒకరి సాఫ్ట్‌వేర్ కోసం చేసిన పుస్తకం ఇంకొకరి దాంట్లో తెరుచుకునేది కాదు. కొత్తగా ఒక పద్ధతి వచ్చింది. వెబ్ పేజీలు ఎలా రాస్తారో పుస్తకాన్నీ అలాగే రాయాలి. దాని నియమాలు అందరివీ, ఏ ఒక్కరి సొత్తూ కాదు. అందులో హెడింగును హెడింగనీ, పేరాను పేరా అనీ లోపల గుర్తు పెట్టాలి. భీమేశ్వరరావు గారికి ఆ నియమాలు చదువుతుంటే తనకోసమే ఎవరో కూర్చుని రాసినట్టనిపించింది.

ఇంతలో ఆరువందల పేజీల చరిత్ర పాఠ్యపుస్తకం ఒకటి వచ్చింది. దాన్ని కొత్త పద్ధతిలోనే చేస్తానని ఆయన కూర్చున్నారు. ప్రచురణకర్తలు అడిగింది పాత పద్ధతి. మేనేజర్ చడ్డా గారు తల పట్టుకున్నారు.

"రావ్ సాబ్, దిఖ్‌నే మే తో ఠీక్ హై న?" చూడ్డానికి బాగానే ఉంది కదా అని ఆయన బాధ.

"దిఖ్‌నే మే ఠీక్ హై సర్. లేకిన్ హై క్యా?" చూడ్డానికి సరే, ఇంతకీ అదేమిటని ఈయన ప్రశ్న.

చివరికి చడ్డా ఒక మాట తేల్చేశారు. కొత్త పద్ధతి శనివారాలు సొంతంగా చేసుకోవచ్చు. పాతది మాత్రం గడువుకల్లా ఇవ్వాలి. తప్పితే కింద స్కానింగ్ గదికి పంపేస్తారు. అక్కడ రోజంతా యంత్రం కింద పుస్తకం పేజీలు తిప్పడమే పని. భీమేశ్వరరావు గారు సరేనన్నారు. మైథిలిని సాయానికి రమ్మన్నారు.

మూడు శనివారాలయ్యాక మైథిలికి విసుగొచ్చింది. "ఈ గుర్తులన్నీ ఎవరు చూస్తారండీ?"

"ఎవరూ చూడరు" అని ఆయన తలెత్తకుండా పని చేసుకుపోయారు.

కొత్తది పూర్తయింది. పాతది రెండురోజులు ఆలస్యమైంది. సోమవారం ఆయన కళ్ళజోడు, నీళ్ళసీసా పట్టుకుని మెట్లు దిగి స్కానింగ్ గదికి వెళ్ళిపోయారు. మైథిలికి ఆయనమీద జాలీ కోపమూ కలిసి వచ్చాయి. ఏం సాధించాడీ మనిషి?

ఆ శనివారం పొద్దున్నే ఆయన ఫోన్ చేశారు. "అమ్మాయ్, మునిర్కాలో చిన్న పనుంది, వస్తావా?"

ఇరుకు సందులో మూడో అంతస్తు గది. తలుపు తీసినమ్మాయి చూపు వాళ్ళమీద ఆగలేదు. పేరు పెర్సిస్. సొంతూరు బాపట్ల, తల్లి ఇక్కడే ఆసుపత్రిలో నర్సు. పక్క యూనివర్సిటీలో చరిత్ర ఎమ్మే చదువుతోంది. పుట్టుకతోనే చూపు లేదు.

"అంకుల్ రెండేళ్ళుగా ఆదివారాలొచ్చి నాకు పుస్తకాలు చదివి పెడుతున్నారక్కా" అంది పెర్సిస్. "ఎంత ఘోరంగా చదువుతారో! ఇక్కడ కామా, ఇక్కడ బ్రాకెట్టు తెరిచారు అంటూ. యుద్ధం మొదలయ్యేలోపు నాకు నిద్రొచ్చేసేది."

"ఉన్నది ఉన్నట్టు చదవాలి కదమ్మా" అన్నారాయన నొచ్చుకుంటూ.

ఆమె కంప్యూటర్లో తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంది. పాత పద్ధతి పుస్తకాల్ని అది తెరవనేలేదు. ఆయన ప్రచురణకర్తల దగ్గర అనుమతి తీసుకుని మరీ తెచ్చిన కొత్త పద్ధతి పుస్తకాన్ని మాత్రం ఇట్టే తెరిచింది. పెర్సిస్ ఒక మీట నొక్కింది. "అధ్యాయం ఒకటి" అంది యంత్రం. మళ్ళీ నొక్కింది. "అధ్యాయం రెండు." ఏడు నొక్కుల్లో ఏడో అధ్యాయానికి చేరుకుంది. లావు అక్షరాలు ఆ యంత్రానికి కనిపించవు, లోపలి గుర్తే దానికి దారి. మైథిలి ఇంకాస్త దగ్గరికి జరిగింది.

పెర్సిస్ ఉత్సాహంగా నొక్కుతూనే ఉంది. ఎనిమిది. పది.

"అంకుల్, తొమ్మిది ఏదీ?"

 తొమ్మిది చేసింది మైథిలే. సినిమాకి టైమైపోతోందని పేరును లావు చేసేసి లేచిపోయింది.

భీమేశ్వరరావు గారు ఆమెకేసి ఒక్కసారి చూశారు. "నాదే పొరపాటమ్మా, వయసైపోతోంది. ఇప్పుడే వెళ్ళి సరిచేసి తెస్తాను" అంటూ చెప్పులు వేసుకున్నారు.

"నోయిడాకా? సోమవారం చూద్దురు గానీ" అంది పెర్సిస్.

"సోమవారం నీ పరీక్ష."

మెట్లమీద మైథిలి ఆయన్ని అందుకుంది. "అది చేసింది నేనండీ."

"తెలుసు. గబగబా నడు, బస్సు పోతుంది."

రెండు బస్సులు మారి వెళ్ళారు. ఆఫీసులో మైథిలి ఆయన్ని కుర్చీ దగ్గరికి రానివ్వలేదు. తొమ్మిదో అధ్యాయాన్ని సరిచేసి, మిగతా ముప్ఫై కూడా తనే సరిచూసింది.

ఆరునెలలకు ఆ ప్రచురణకర్తలే పుస్తకాలన్నీ కొత్త పద్ధతిలో కావాలన్నారు. చడ్డా గారు స్వయంగా స్కానింగ్ గదికి దిగారు. భీమేశ్వరరావు గారు పేజీ తిప్పడం ఆపకుండానే ఒక షరతు పెట్టారు. పుస్తకాలను పరీక్షించడానికి ఒక ఉద్యోగం ఇవ్వాలి. ఎవరికివ్వాలో ఆయనే చెబుతారు.

పెర్సిస్ చేరిన మొదటిరోజు మధ్యాహ్నంలోపు నలభైమూడు తప్పులు పట్టుకుంది. అందులో పన్నెండు భీమేశ్వరరావు గారివే. ఆయన ఆ జాబితా పట్టుకుని టేబులు టేబులుకీ తిరిగి, కనిపించిన ప్రతివాళ్ళకీ చదివి వినిపించారు.