మామ పీకని వైరు

మా మేనమామ పోయాడు. పోయిన నెల ఒక మధ్యాహ్నం, దుకాణంలో ఒకావిడకు జాకెట్టు కొలతలు తీసుకుంటుంటే అత్తమ్మ ఫోన్ చేసింది. "మీ మామ ఇగ లేవడు బిడ్డా" అన్నది. అన్నం తిన్నాడట. పెరుగు ఇంకొంచెం అని అడిగి మరీ వేయించుకున్నాడట. కాసేపు నడుం వాలుస్తానని పంజాగుట్ట ఇంట్లో ముందుగది మంచం మీద ఒరిగాడు. చాయ్ పెట్టి లేపబోతే లేవలేదు.

ఆ మాట వినగానే నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, "హమ్మయ్య" అనే మాట. తప్పు పట్టకండి. కొంతకాలంగా మామకు ఒకటే బెంగ. ఆసుపత్రిలో ఉన్న స్నేహితుణ్ని చూసి వచ్చినప్పటి నుంచి పట్టుకుంది. ఆ స్నేహితుడి ముక్కులో గొట్టాలు, ఛాతీ నిండా వైర్లు. "వైర్లు టీవీకి పెట్టాలె గని మనిషికి పెట్టద్దు బిడ్డా. నాకు పెడితే నేనే పీకి పారేస్త" అనేవాడు. ఒక్క వైరు కూడా పెట్టించుకోకుండా, కడుపు నిండా తిని వెళ్లాడు. ఏడుపు తర్వాత ఆటోలో వచ్చింది. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి అలాగే ఏడ్చాను.

మామ పెళ్లి సంబంధాలు చూసేవాడు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చునే సందు ఒకటుంది. అక్కడ మేడ మీద ఆయనదొక గది. సాఫ్ట్‌వేర్ నేర్చుకునే పిల్లలు దారి తప్పి మెట్లెక్కి, "డెమో క్లాస్ ఇక్కడేనా సార్?" అని తొంగి చూసేవారు. "డెమో ఉన్నది గని పెండ్లి డెమో. కూసుంటరా?" అనేవాడు. వాళ్లు నవ్వుకుంటూ దిగిపోయేవారు. వాళ్లలో ఒకడు ఉద్యోగం వచ్చాక నిజంగానే వచ్చి కూర్చున్నాడని గొప్పగా చెప్పుకునేవాడు.

మాది నేతపని కుటుంబం. తాత సిరిసిల్లలో మగ్గం నేశాడు. మామ తరానికి పట్నం వచ్చి కొందరు బట్టలు అమ్మారు, కొందరు కుట్టారు. మామ ఒక్కడే మనుషులను కలుపుతానన్నాడు. ఆ పనికి ఆయన పెట్టుకున్న సాధనాలు ఒక లాప్‌టాప్, గోడకు పెద్ద టీవీ, ఆ రెండింటినీ కలిపే వైర్లు నిండిన ఒక బట్టల సంచి. ఫోన్లో ఫొటో చూపిస్తే ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్లేలోపే తెర ఆరిపోతుంది. ముసలివాళ్లకు చూపు ఆనదు. "సంబంధమంటే నలుగురు ఒక్కపారే చూడాలె. ఒకలు చూసి ఇంకొకలకు చెప్పే ముచ్చట కాదు" అనేవాడు.

మొదట్లో ఆయన దగ్గర ఉన్నది నీలం మూతి వైరు. వెడల్పుగా, రెండు పక్కలా మరలతో ఉండేది. దానిలో బొమ్మ వస్తుంది, మాట రాదు. మాటకు ఇంకో సన్న వైరు పెట్టాలి. ఒకసారి అది పెట్టడం మరిచిపోయాడు. టీవీలో పిలగాడు చేతులు తిప్పుతూ తన గురించి చెప్పుకుంటున్నాడు, గదిలో చప్పుడు లేదు. జగిత్యాల నుంచి వచ్చిన పిల్ల నాయనమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో, పిలగానికి మాట రాదా? గీ ముచ్చట ముందుగాల జెప్పద్దా?"

"మాట వస్తది పెద్దమ్మా. గా మాట వేరే వైర్ల వస్తది."

"మాటకు వేరే వైరేంది నాయనా? నోరు ఒక్కటే గద!"

ఆ సంబంధం కుదిరింది. ఆ ఇంట్లో అతన్ని ఇప్పటికీ మూగల్లుడు అంటారట. మనిషి మాత్రం వసపిట్ట.

తర్వాత కొత్త రకాలు వచ్చాయి. లాప్‌టాప్‌లకు మూతులు చిన్నవయ్యాయి, టీవీలకు పెద్దవిగానే ఉండిపోయాయి. మధ్యలో అడాప్టర్ లేకపోతే ఒకదానికొకటి పొసగవు. మామ లాప్‌టాప్‌ను పిల్లవారు అనేవాడు, టీవీని పిలగానివారు అనేవాడు. అడాప్టర్ పేరు పెళ్లిళ్ల పేరయ్య. "నా తమ్ముడు" అని చూపించేవాడు. వైరు దూరకపోతే ఎవరైనా చొరవ చేసి నెట్టబోతే చేయి పట్టుకునేవాడు. "దూరకపోతే తిప్పి చూడాలె. బలిమి చెయ్యద్దు. పిన్ను వంగుతది" అనేవాడు. కూర్చోబెట్టే ముందు ప్రతి మూతినీ ఉఫ్ అని ఊది, చేతి రుమాలుతో తుడిచేవాడు. అలా ఊదితే ఏమవుతుందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆయనకు ఒక పట్టింపు ఉండేది. వైరు పెట్టగానే లాప్‌టాప్ ఒక మాట అడుగుతుంది. తెరలో ఉన్నదే టీవీలోనూ చూపాలా, రెండిట్లో వేరువేరుగా చూపాలా అని. మామ ఎప్పుడూ ఒకటే ఎంచుకునేవాడు. తను చూసేదే అందరూ చూడాలి. "నేను గీడ ఒకటి చూసుకుంట ఆడ ఇంకోటి చూపిస్తున్న అనుకోవద్దు" అనేవాడు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు కదా అని మా నాన్న ఆటపట్టిస్తే, "వెయ్యి ఆడినోనికి వెయ్యి యాదికుండాలె బావా. నాకు మతిమరుపు" అనేవాడు.

ఇప్పుడు నా సంబంధం సంగతి చెప్పాలి.

అప్పటికే నాకు యూసుఫ్‌గూడలో దుకాణం ఉంది. అద్దె గదుల మధ్య ఒక్క షట్టరు, రెండు మిషన్లు. నాన్న దగ్గర కత్తెర పట్టడం నేర్చుకుని, ఆయన చూపు మందగించాక నేను నిలబెట్టుకున్నది. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా నాది ఒకటే షరతు. దుకాణం ఉంటుంది. మామ తెచ్చిన సంబంధం వాళ్లు ఫోన్లో "మాకేం అభ్యంతరం లేదు" అన్నారు. పిలగాడికి బెంగళూరులో ఉద్యోగం. కులం, గోత్రం, ఎత్తు, చదువు అన్నీ కుదిరాయి. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. నాకే ఎందుకో మనసు ఒప్పుకోలేదు. ఎందుకని అమ్మ అడిగితే చెప్పడానికి ఒక్క కారణమూ లేదు. కారణం లేకుండా వద్దంటే ఆడపిల్లకు పొగరు అంటారు కదా!

పిలగాడికి సెలవు దొరకలేదు. వీడియోలో మాట్లాడతానన్నాడు. ఆ ఆదివారం మామ గదికి అతని తల్లి, అన్న వచ్చారు. మా వైపు నుంచి అమ్మ, నాన్న, నేను. మామ లాప్‌టాప్ కెమెరా మసకగా ఉందని పిలగాడి అన్న తనది తెరిచాడు. పల్చటి కొత్త లాప్‌టాప్, చుట్టూ వెతికినా అన్నీ చిన్న మూతులే. మామ సంచిలోంచి పేరయ్యను తీసి, ఉఫ్ అని ఊది, కలిపాడు. ఎప్పటిలాగే రెండు తెరల మీదా ఒకటే వచ్చేలా పెట్టి, టీవీ పక్కనే నిలబడ్డాడు.

పిలగాడు గోడ మీద నిలువెత్తున వచ్చాడు. చూడ్డానికి బాగానే ఉన్నాడు, అబద్ధమెందుకు. నాన్న గొంతు సవరించుకుని అడిగాడు.

"బిడ్డ దుకాణం నడిపించుకుంటనంటుంది నాయనా. నీ నోటితోని వింటే మాకు ధైర్యం."

"ఒక్క నిమిషం అంకుల్, వాయిస్ సరిగ్గ వస్తలేదు" అన్నాడతను. తల దించి ఏదో నొక్కాడు. టీవీలో ఓ మూల చిన్న పెట్టె తెరుచుకుంది. అన్నకు అతను పంపిన మెసేజి. తెలుగు మాటలే, ఇంగ్లిషు అక్షరాల్లో. "అన్నా, దుకాణం గురించి అడుగుతుండు. ఏం చెప్పాలె?"

అన్న లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు, టీవీకి వీపు పెట్టి. తను కొడుతున్న ప్రతి అక్షరమూ వెనక గోడ మీద పడుతోందని అతనికి తట్టలేదు. మా కళ్ల ముందే ఒక్కో అక్షరం వచ్చి చేరింది. "నడిపించుకోమని చెప్పు. పెండ్లయినంక తాళం ఏపిద్దాం."

"నడిపించుకోవచ్చు అంకుల్. నాకేం ప్రాబ్లం లేదు" అన్నాడు పిలగాడు, నవ్వుతూ.

నాన్న ముఖం వెలిగింది. అమ్మ నా మోకాలు నొక్కింది. వాళ్లిద్దరికీ ఇంగ్లిషు అక్షరాలు రావు. పిలగాడి తల్లికీ రావు, ఆమె చాయ్ ఊదుకుంటోంది. అన్న కాకుండా ఆ గదిలో ఆ అక్షరాలు చదవగలిగేది నేను, మామ. నేను చదివి చెబితే ఎవరు నమ్ముతారు? పిల్లకు ఇష్టం లేదు, కల్పించి చెబుతోందంటారు.

అప్పుడు నాన్న వేలు చూపించాడు. "గా మూలకు ఏందో రాసొచ్చింది. ఏందది?"

అన్న వెనక్కి తిరిగి టీవీ చూశాడు. "అంకుల్, వైర్ తీయుండ్రి! జర వైర్ తీయుండ్రి!"

మామ చేయి వైరు మీదే ఉంది. నేను చూశాను. బొటనవేలు, చూపుడువేలు ఆ మూతిని పట్టుకునే ఉన్నాయి. కొంచెం లాగితే గోడ నల్లబడిపోయేది. "నెట్‌వర్క్ పోయింది బావా" అంటే నాన్న సరే అనేవాడు. పెళ్లి అయిపోయేది. పెళ్లిళ్లు చేయడమే మామ బతుకు.

మామ రెండో చేత్తో నుదుటి మీది కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు. పేరు, గోత్రం, ఎత్తు చదివే గొంతుతోనే చదివాడు.

"'నడిపించుకోమని చెప్పు. పెండ్లయినంక తాళం ఏపిద్దాం.' గిదే రాసిండు బావా."

అప్పుడు పీకాడు వైరు.

నాన్న లేచి నిలబడ్డాడు. పిలగాడి తల్లి వైపు చూసి, "చాయ్ సల్లారుతుందమ్మా, తాగి పోండ్రి" అన్నాడు. ఆమె కప్పు కింద పెట్టి లేచింది. పాపం, ఆమెకు ఏం జరిగిందో మెట్లు దిగాక కొడుకు చెప్పి ఉంటాడు. నాకు మాత్రం ఛాతీ మీది నుంచి కుట్టుమిషను దించినట్టయింది. నవ్వు వచ్చింది. అలాంటి చోట నవ్వకూడదని కొంగు నోట్లో కుక్కుకున్నాను. అమ్మ నేను ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది.

నేను బతికిపోయాను కానీ మామకు దెబ్బ తగిలింది. పిలుచుకుని పోయి పరువు తీస్తాడని మా వాళ్లలో మాట పాకింది. ఇంకొందరు, ముసలాయనకు తెలివి లేక చదివాడు అన్నారు. చాలాకాలం ఆ మెట్లు సంబంధాల వాళ్లెవరూ ఎక్కలేదు. డెమో క్లాసు వెతుక్కునే పిల్లలే ఎక్కేవారు. ఒకరోజు అడిగాను.

"ఎందుకు పీకలేదు మామా?"

"మీ నాయిన అడిగిండు గద, ఏం రాసిండని. అడిగితే చదవాలె" అన్నాడు. అంతకుమించి ఎప్పుడూ మాట్లాడలేదు. నేను గుర్తు చేస్తే, "ఫికర్ చెయ్యకు, పో, పోయి దుకాణం చూసుకో" అనేవాడు.

తర్వాత నా పెళ్లి కూడా ఆ టీవీ ముందే కుదిరింది. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. దుకాణం సంగతి నాన్న అడిగితే తికమకపడ్డాడు. "ఆమె దుకాణం గద, నన్నెందుకు అడుగుతున్నరు?" అన్నాడు. మామ ఆరోజు వైరు చుట్టుకుంటూ చాలాసేపు తనలో తనే నవ్వుకున్నాడు.

దినాలు అయిపోయాక మొన్న అత్తమ్మ దగ్గర కూర్చున్నాను. ఇల్లంతా చుట్టాలు వెళ్లిపోయిన నిశ్శబ్దం. మాటల్లో నేనే అన్నాను, మామ పొద్దున పూట తరచూ నా దుకాణం ముందు కనిపించేవాడని, "తోవల పడ్డది బిడ్డా" అనేవాడని.

అత్తమ్మ కళ్లు తుడుచుకుంటున్నదల్లా ఆగిపోయింది.

"తోవల పడ్డదా? ఇల్లు పంజాగుట్టల, ఆఫీసు అమీర్‌పేటల. నడుమ యూసుఫ్‌గూడ ఏడ పడతది బిడ్డా?" అన్నది. మళ్లీ తనే చెప్పింది. "పిల్ల షట్టరు తెరిసిందా లేదా సూసొస్త అని పొద్దుగాల్నే ఎల్లేటోడు. తాళం ఏపిద్దాం అన్న మాటను నా కండ్లతోని జూసిన, నాకు నమ్మకం లేదు అనేటోడు. నీ పెండ్లయినంక సుత మానలే."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఏడ్చాం. ఇన్నేళ్లు నా కళ్లెదుటే జరిగినా నాకు తట్టనిది అప్పుడు కనపడింది. నేను షట్టరు ఎత్తుతుంటే ఎదురుగా స్కూటరు ఆగుతుంది. మామ దిగడు, హెల్మెట్ తీయడు. చాయ్ తాగి పొమ్మంటే చెయ్యి ఊపుతాడు. తోవల పడ్డది బిడ్డా, పోతున్న అంటాడు. ఆ మాట అని, రెండు కాళ్లూ నేల మీద ఆనించి, బండిని ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ ఆ ఇరుకు సందులో మెల్లగా వెనక్కి తిప్పుకుని, వచ్చిన దారినే వెళ్లిపోతాడు.